బల్లార్షా ఎండలో మూడు లక్షల గిటార్

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా పక్కింటి అబ్బాయి ఫోన్ పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. అతనికి బొగ్గు గనిలో ఉద్యోగం వచ్చి నాలుగేళ్లయింది. ఆదివారం ఆదివారం చర్చిలో గిటార్ వాయిస్తాడు, చేతిలో మంచి పదును ఉంది. "కాకా, ఈసారి దసరా బోనస్‌కు చిట్టీ పైసలు కలిపి ఇది తీసుకుందామనుకుంటున్న. నువ్వేమంటవ్?" అని స్క్రీన్ నా ముందు పెట్టాడు. అమెరికా కంపెనీ మార్టిన్ చేసే డి-28 గిటార్. ధర మూడు లక్షలకు అటూ ఇటూ ఉంది.

నేను వెంటనే తీసుకో అనలేదు, వద్దనీ అనలేదు. అతను అడిగింది ఒక ప్రశ్నే గానీ, దాని లోపల నాలుగు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. అంత డబ్బు గిటార్‌లో దేనికి పోతుంది? ఆ తేడా చెవికి అందుతుందా? వాయించే చోట వినేవాళ్లకు అందుతుందా? అన్నిటికీ మించి, మహారాష్ట్రలోని మా చంద్రపూర్ జిల్లా ఎండలో అది బతుకుతుందా? నాలుగో ప్రశ్న గిటార్ గురించి చెప్పే వీడియోల్లో సాధారణంగా రాదు. ఆ వీడియోలు చేసేవాళ్లు మే నెలలో మన దగ్గర ఉండరు.

కర్ర గురించి మా ఊళ్లో ఎవరికీ పాఠం చెప్పే పని లేదు. ఆలపల్లి అడవుల టేకు, బల్లార్షా డిపో పేరు దేశమంతా తెలుసు. 2023లో అయోధ్య రామాలయం తలుపులకు ఇక్కడి టేకే లారీల్లో పోయింది. అయితే తలుపుకు కర్ర ఎంచే కన్నుతో గిటార్‌ను చూస్తే పొరపాటు పడతాం. తలుపుకు బరువుంటే మంచిది. గిటార్ పై పలకకు బరువే శత్రువు. టేకు ఘనపు మీటరుకు సుమారు 650 కిలోలు తూగుతుంది. అలాస్కా నుంచి కెనడా పడమటి తీరం దాకా పెరిగే సిట్కా స్ప్రూస్ 400 నుంచి 450 కిలోలు. వంగకుండా నిలిచే బలంలో మాత్రం రెండూ ఇంచుమించు ఒకటే. అంత తేలిగ్గా ఉంటూ అంత గట్టిగా ఉండే కర్ర తీగ కొంచెం కదిలినా తానూ కదులుతుంది, గాలిని కదిలిస్తుంది. మనం వినే శబ్దం అదే.

ఆరు తీగలు శ్రుతిలో ఉన్నప్పుడు అన్నీ కలిపి లాగే బలం 70 కిలోలు దాటుతుంది. నిండు మనిషి బరువు. ఆ లాగుడంతా పడే పై పలక మందం మూడు మిల్లీమీటర్లకు మించదు. లోపల ఎక్స్ ఆకారంలో అతికించిన పట్టీలు దాన్ని కాస్తాయి. మార్టిన్ కంపెనీ 1833లో మొదలైంది. ఈ ఎక్స్ పట్టీల పద్ధతిని 1840ల నుంచే వాడుతోంది. పలక ఇంకొంచెం మందంగా ఉంటే గిటార్ వందేళ్లు కదలకుండా ఉంటుంది, కానీ మూగగా ఉంటుంది. మరీ పలచనైతే గొంతు బాగా విప్పుకుంటుంది గానీ పొట్ట ఉబ్బుతుంది, పలక మీద తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి అనే చెక్క ముక్క లేచిపోతుంది. ఆ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో తెలిసిన చేతికి మనం డబ్బు ఇస్తాం. ప్రతి పలకనూ తట్టి చూసి, వంచి చూసి, దాని గుణాన్ని బట్టి పట్టీలు చెక్కే చోట ధర పెరగడం న్యాయమే.

ఇక 'సాలిడ్', 'లామినేట్' అనే మాటలు. ధరంతా వీటి మీదే తిరుగుతుంది. లామినేట్ అంటే పలచని పొరలను ఒకదాని నారకు ఇంకొకటి అడ్డంగా అతికించి చేసిన పలక, మన ప్లైవుడ్ లాంటిదే. పగలదు, వంగదు, ఎండకూ వానకూ పెద్దగా చలించదు. అదే స్వభావం వల్ల అంత బాగా మోగదు కూడా. సాలిడ్ అంటే ఒకే దుంగ నుంచి కోసిన ఒంటి పొర చెక్క. సులువుగా కదులుతుంది, అందుకే బాగా పలుకుతుంది. యమహా ఎఫ్310 పై పలక లామినేట్. అదే కంపెనీ ఎఫ్‌జీ800 పై పలక సాలిడ్ స్ప్రూస్, వెనకా పక్కలూ లామినేట్. ధర రెట్టింపవుతుంది, తేడా కూడా మొదటి తీగ మీటగానే తెలుస్తుంది. నా లెక్కలో గిటార్ ధరల్లో ఇంత న్యాయమైన మెట్టు ఇంకొకటి లేదు.

ఆ పై మెట్టు మొత్తం సాలిడ్, అంటే వెనక పలక, పక్కలు కూడా ఒంటి పొరవే. ఇక్కడ తేడా ఉంటుంది గానీ మొదటి మెట్టంత ఉండదు. రాత్రి పూట ఒక్కరే కూర్చొని నిదానంగా వాయిస్తుంటే స్వరం ఆగిన తర్వాత కూడా కాసేపు గదిలో నిలుస్తుంది, తీగకు తీగకు మధ్య ఎడం తెలుస్తుంది. ఆ పైన లక్షన్నర, రెండు, మూడు లక్షలకు వెళ్లేకొద్దీ ప్రతి అదనపు లక్షకూ చెవికి దక్కేది తగ్గుతూ పోతుంది. అక్కడ మనం కొనేది పనితనం, అరుదైన కర్ర, అంచుల నగిషీ, పేరు, తిరిగి అమ్మితే వచ్చే ధర. ఇవి వట్టి మాటలు కావు, వాటికీ విలువ ఉంది. కానీ వాటిని 'మంచి సౌండ్' అనుకొని కొంటే తర్వాత బాధపడతాం. ఇంకో సంగతి, ధర పెరిగినంత మాత్రాన అంతా సాలిడ్ అనుకోకూడదు. టేలర్ కంపెనీ 200 సిరీస్ చౌకదేమీ కాదు, అయినా దాని వెనక పలక, పక్కలు పొరల చెక్కే. కొనే ముందు వివరాల్లో పై పలక ఏమిటి, వెనక పలక ఏమిటి, పక్కలు ఏమిటి అని మూడూ విడివిడిగా చదవాలి.

మా పక్కింటి అబ్బాయి మనసు పడిన డి-28ది పెద్ద చరిత్ర. ఆ మోడల్ 1931 నుంచి ఉంది. వెనకా పక్కలా బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడేవారు. అది దొరకడం కష్టమయ్యాక 1969 నుంచి ఇండియన్ రోజ్‌వుడ్‌కు మారారు. ఇండియన్ రోజ్‌వుడ్ అంటే మన జిట్రేగి. ఇక్కడి మరాఠీవాళ్లు శిసవ అంటారు. మా తాతల కాలపు మంచాలకు ఆ కర్ర వాడారు. దాని వేళ్ల పలకకు వాడే ఎబొనీ కూడా మనకు కొత్త కాదు. ఏప్రిల్, మే నెలల్లో గడ్చిరోలి అడవుల్లో బీడీ ఆకు కోసే తునికి చెట్టు కూడా ఎబొనీ జాతిదే. ఈ మాట చెప్పగానే అతని ముఖం వెలిగింది. మన జిట్రేగి కర్ర ఎక్కడో అమెరికాలో గిటారై మళ్లీ మన దగ్గరికి వస్తుందంటే ఎవరికైనా సంతోషమే.

సంతోషం సరే, ఆ కర్ర మార్పు చెవికి ఎంత తెలుస్తుందన్నది వేరే సంగతి. 2018లో ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని పరీక్షించారు. ఒకే తయారీదారు చేత ఆరు గిటార్లు చేయించారు. కొలతలు, పై పలక అన్నీ ఒకటే, వెనకా పక్కలా వాడిన కర్ర మాత్రమే వేరు. వాటిలో బ్రెజిల్ రోజ్‌వుడ్, ఇండియన్ రోజ్‌వుడ్, మహోగనీ ఉన్నాయి. చౌక కర్రలూ ఉన్నాయి. 52 మంది గిటారిస్టులకు ఏది ఏదో కనబడకుండా చేసి వాయించమన్నారు. అన్నిటికీ దాదాపు ఒకే రకంగా మార్కులు పడ్డాయి. ఖరీదైన కర్రను వాళ్లు చేతితో, చెవితో నమ్మకంగా గుర్తుపట్టలేకపోయారు. దీన్ని బట్టి కర్రకు విలువే లేదని నేను అనను. పై పలకకు, పట్టీలకు, చేసిన చేతికి ఉన్నంత పాత్ర వెనక కర్రకు లేదని మాత్రం నమ్ముతాను. వెనక ఏ కర్ర అనే మాట మీదే యాభై వేలు ఎక్కువ అడిగితే ఆలోచించాలి.

మూడో ప్రశ్న దగ్గర అబ్బాయికి కొంచెం కష్టమనిపించింది. "నువ్వు చర్చిలో ఎట్లా వాయిస్తవ్?" అని అడిగాను. "వైరు పెట్టి, మిక్సర్‌కు ఇస్త కాకా." గిటార్‌కు వైరు పెట్టినప్పుడు మామూలుగా పనిచేసేది తీగలు ఆనే శాడిల్ కింద ఉండే సన్నని పికప్ పట్టీ. అది తీగ ఒత్తిడిని పట్టుకుంటుంది. పలక గాలిలో పలికే పలుకును అంతగా పట్టదు. ఆ శబ్దం మిక్సర్‌లోకి, అక్కడి నుంచి పెద్ద స్పీకర్ డబ్బాల్లోకి పోతుంది. పక్కన డ్రమ్స్, కీబోర్డు, వంద గొంతులు. అక్కడ ముప్పై వేల గిటార్‌కూ మూడు లక్షల గిటార్‌కూ తేడా ముందు వరుసలో కూర్చున్నవాళ్లకే తెలియదు. పికప్ శబ్దాన్ని సరిచేసి పెంచే మంచి ప్రీయాంప్‌కు పెట్టే పదివేలు అక్కడ ఎక్కువ పని చేస్తాయి. పలచని సాలిడ్ పలక విలువంతా వైరు లేకుండా, ఎదురుగా కూర్చొని వినేవాళ్ల దగ్గరే. రోజూ రాత్రి ఇంట్లో గంట వాయించే మనిషికి ఆ విలువ ఉంది. ఆదివారం వైరుతో మాత్రమే వాయించే మనిషికి లేదు. "ఇంట్ల కూడ వాయిస్త కాకా, షిఫ్టు అయినంక" అన్నాడు. అది నిజమే. రాత్రి పదింటికి గోడ అవతలి నుంచి నాకు వినబడుతూనే ఉంటుంది.

ఇక ఎండ సంగతి. ఇక్కడ నా సొంత అనుభవం చెప్పాలి.

తొమ్మిదేళ్ల కింద నేను మొదటిసారి సాలిడ్ టాప్, అంటే పై పలక సాలిడ్ ఉన్న గిటార్ కొన్నాను. ఎండకేమైనా అవుతుందా అని దుకాణంలో అడిగితే, ఏం కాదు, మంచి కర్ర అన్నారు. మార్చి చివర్లో ఒకరోజు స్కేలు వాయిస్తూ ఎడమ చేయి నెక్, అంటే గిటార్ మెడ మీద జార్చగానే చూపుడు వేలి పక్కన చురుక్కుమంది. చూస్తే ఫ్రెట్ల, అంటే మెడ మీద అడ్డంగా బిగించిన లోహపు కడ్డీల కొసలు రంపం పళ్లలా బయటికి పొడుచుకొచ్చాయి. ఫ్రెట్ల లోహం పెరిగిందేమో అనుకున్నాను. నిజానికి పెరిగింది లోహం కాదు, కర్ర ఎండి వెనక్కి పోయింది. అప్పుడే అర్థం చేసుకోవాల్సింది. తర్వాత తీగలు కిందికి దిగి ఫ్రెట్లకు తగిలి జర్రుమనడం మొదలైంది. యాక్షన్, అంటే తీగలకూ ఫ్రెట్లకూ మధ్య ఎడం తగ్గింది, వాయించడం సులువైంది అనుకున్నాను. మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం గదిలో 'టక్' అని చిన్న శబ్దం, కొమ్మ విరిగినట్టు. ఎవరూ ముట్టుకోలేదు, గిటార్ గోడకు తగిలించి ఉంది. దగ్గరికి పోయి దీపం పట్టి చూస్తే బ్రిడ్జి వెనక నుంచి అడుగు అంచు దాకా, నార వెంబడి, వెంట్రుకంత చీలిక. గోరు పెడితే అందులో గోరు ఆగింది.

ఎందుకు చీలిందో ఆ తర్వాత కూర్చొని తెలుసుకున్నాను. గాలిలో తేమను శాతంలో కొలుస్తారు. ఆ శాతం వేడిని బట్టి మారుతుంది. 25 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి ఎక్కువలో ఎక్కువ 23 గ్రాముల నీటిని పట్టుకోగలదు. 45 డిగ్రీల దగ్గర అదే గాలి 65 గ్రాములు పట్టుకోగలదు. అంటే హాయిగా ఉండే 25 డిగ్రీల్లో 50 శాతం తేమ ఉన్న గాలినే 45కు వేడి చేస్తే, నీరు ఒక్క చుక్క తగ్గకపోయినా తేమ 18 శాతానికి పడిపోతుంది. మన దగ్గర ఎండాకాలంలో 46, 47 డిగ్రీలు మామూలు మాట. ఆ గాలి దాహంతో ఉంటుంది. నోట్లోంచి, మట్టిలోంచి, గిటార్‌లోంచి నీళ్లు పీలుస్తుంది.

సాలిడ్ గిటార్లు చేసే కంపెనీలు తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలని చెబుతాయి. కర్ర నార వెంబడి దాదాపు కుంచించుకోదు, నారకు అడ్డంగా కుంచించుకుంటుంది. డ్రెడ్‌నాట్ అనే పెద్ద సైజు గిటార్ పొట్ట వెడల్పు సుమారు 40 సెంటీమీటర్లు. తేమ 50 నుంచి 20 శాతానికి పడితే ఆ పలక లెక్క ప్రకారం రెండు నుంచి మూడు మిల్లీమీటర్లు చిన్నది కావాలి. కానీ చుట్టూ అంచు జిగురుతో బిగించి ఉంది. లోపల పట్టీలు దానికి అడ్డంగా అతికి ఉన్నాయి. వాటి నార పొడవు అటే కాబట్టి అవి కుంచించుకోవు. పలక ఎటూ పోలేక తన నార దగ్గర విడిపోతుంది. చెరువు అడుగు ఎండి నెర్రెలు బారడం చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. వానాకాలంలో దీనికి ఎదురు జరుగుతుంది. తేమ 85, 90 శాతానికి పోతుంది, పలక ఉబ్బుతుంది, తీగలు పైకి లేస్తాయి, వేళ్లు నొప్పి పుడతాయి, శబ్దం దిండులోంచి వచ్చినట్టు మందగిస్తుంది. ఈ ఉబ్బు చాలావరకు తిరిగి సర్దుకుంటుంది. చీలిక సర్దుకోదు.

అంటే మనం ఎక్కువ డబ్బు పోసి కొనే ఆ పలచదనమే, ఆ ఒంటి పొరే మే నెలలో చీలేది కూడా. చౌక లామినేట్ గిటార్ అదే గోడకు పదేళ్లు వేలాడినా చీలదు. పైగా తేమ తగ్గి పగిలిన గిటార్‌కు వారంటీ వర్తించదని పెద్ద కంపెనీలు తమ షరతుల్లో రాసే ఉంచాయి. మా ఊళ్లో బాగు చేసే మనిషి లేడు. నాగ్‌పూర్ పోవాలి, లేదా హైదరాబాద్. నేను నాగ్‌పూర్‌కు రెండు సార్లు తిరిగాను. ఒకసారి ఇవ్వడానికి, ఒకసారి తెచ్చుకోవడానికి. లోపలి నుంచి చిన్న చిన్న చెక్క బిళ్లలు అతికించి కుట్టు వేసినట్టు చేసి ఇచ్చారు. ఇప్పటికీ మంచిగానే పలుకుతుంది, కానీ ఆ గీత మీద చూపు పడని రోజు లేదు.

ఇంత చెప్పి, ఇక్కడ మంచి గిటార్ కొనొద్దు అని అనడం లేదు. కాపాడుకోవచ్చు, కష్టమేమీ కాదు. కానీ అలవాటు కావాలి. గోడకు తగిలించడం మానాలి. వాయించడం కాగానే గట్టి కేసులో పెట్టి మూయాలి. కేసులో ఒక చిన్న తేమ మీటరు పెట్టాలి, అది కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఎండాకాలం సబ్బుపెట్టెకు రంధ్రాలు పెట్టి, తడిపి బాగా పిండిన స్పాంజి అందులో పెట్టి కేసులో ఉంచాలి, రెండు రోజులకోసారి మళ్లీ తడపాలి. చుక్క కారకూడదు. వానాకాలం స్పాంజి తీసేసి తేమ పీల్చే సిలికా జెల్ సంచులు వేయాలి.

మన విదర్భ ఇళ్లకు ఒక అనుకూలం ఉంది. ఇక్కడ ఎండాకాలం ఇంటింటా కూలర్ నడుస్తుంది. తడి గడ్డి గుండా వచ్చే గాలి గదిలో తేమను పెంచుతుంది, అంటే గిటార్‌కు కావాల్సిందే చేస్తుంది. ఏసీ గాలిని చల్లబరుస్తుంది గానీ నీటిని కలపదు, ఉన్నదాంట్లో కొంత లాగి బయట పోస్తుంది కూడా. ఖరీదైన వస్తువు ఏసీ గదిలో ఉంటే భద్రమని చాలామంది అనుకుంటారు, గిటార్ విషయంలో ఎండాకాలం ఏసీ ఒక్కటే చాలదు. అలాగని కూలర్ ఎదురుగా పెట్టడమూ తప్పే. పగలు కూలర్, రాత్రి కరెంటు పోయి పొడి గాలి, ఇలా తేమ పైకీ కిందికీ ఊగడం కర్రకు మంచిది కాదు. మూసిన కేసు ఆ ఊపును ఆపుతుంది. ఇక కారు డిక్కీలో, బస్సు పైన ఎండలో వదలడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కుదరదు. ఆ వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జి లేస్తుంది.

ఈ పనులు చేసే ఓపిక లేదనుకుంటే దారులు ఉన్నాయి. పై పలక మాత్రమే సాలిడ్ ఉన్న ముప్పై, నలభై వేల గిటార్ తీసుకుంటే భయం పోదు గానీ చీలినా గుండె ఆగదు. అసలు భయమే వద్దంటే కార్బన్ ఫైబర్ గిటార్లు వచ్చాయి, మార్టిన్ వాళ్లవే గట్టి లామినేట్‌తో చేసిన ఎక్స్ సిరీస్ ఉంది. గూడెం గూడెం తిరిగి వాయించేవాళ్లకు నేను అవే చెబుతాను.

కొనేవాళ్లకు ఇంకో మాట. చాలామంది తమ పాత గిటార్ బాగాలేదని కొత్తది కొనాలనుకుంటారు, నిజానికి పాతదానికి సెటప్, అంటే తీగల ఎత్తు సరిచేయించడం, ఎప్పుడూ చేయించి ఉండరు. 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎడం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగకు రెండు లోపు ఉంటే వేళ్లకు హాయి. చౌక గిటార్లు నాలుగు మిల్లీమీటర్లతో కూడా వస్తాయి. మెడ పై కొసన తీగలు ఆనే నట్, ఇటు శాడిల్ సరిచేసి, కొత్త తీగలు వేసి చూడండి. మా పక్కింటి అబ్బాయి గిటార్‌కు అదే చేయించాం. ఒకే వేలితో తీగలన్నీ నొక్కే బార్ కార్డ్ పట్టగానే "అరె, ఇది నాదేనా?" అన్నాడు. ఆ తర్వాత కూడా కొత్తది కావాలనే అన్నాడు కాబట్టి, ఆ కోరిక నిజమైనదే అని నాకు నమ్మకం కుదిరింది.

ఖరీదైన గిటార్‌ను ఫొటో చూసి, వీడియో విని ఆన్‌లైన్‌లో తెప్పించుకోవద్దని గట్టిగా చెప్పాను. ఒకే మోడల్ రెండు గిటార్లు పక్కపక్కన పెట్టి వాయించినా ఒకటి పలుకుతుంది, ఒకటి పలకదు, కర్ర అలాంటిది. హైదరాబాద్ రైలెక్కి పోవాలి. మన పాత గిటార్‌నూ వెంట తీసుకుపోవాలి. ముప్పై వేలది, లక్షది, మూడు లక్షలది వరుసగా వాయించాలి. తర్వాత కళ్లు మూసుకొని, స్నేహితుడు ఏది అందిస్తున్నాడో తెలియకుండా మళ్లీ వాయించాలి. అప్పుడూ చేయి అదే గిటార్ దగ్గర ఆగితే, డబ్బు పెట్టినా తప్పు లేదు. సెకండ్ హ్యాండ్ దొరికితే ఇంకా మేలు. అయితే బ్రిడ్జి కింద సందు ఉందేమో కాగితం దూర్చి చూడాలి, నెక్ కోణం చూడాలి, పలక మీద దీపం పక్కనుంచి పట్టి చీలికలు వెతకాలి. తిరిగి అమ్ముకోవచ్చులే అన్న ధైర్యం మాత్రం మన ఊళ్లో పనిచేయదు. అంత ధర పెట్టేవాళ్లు పుణెలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు.

అన్నీ విన్నాక అతనికి ఒక పని చెప్పాను. గిటార్ కంటే ముందు మీటరు కొను, నీ గదిలో పెట్టు, ఎండాకాలమంతా రాసుకో అన్నాను. బోనస్‌కు ఎలాగూ దసరా దాకా ఆగాలి కదా.

మొన్న జూలైలో నోట్‌బుక్ తెచ్చి చూపించాడు. డ్యూటీ డైరీ వెనక పేజీల్లో తేదీల వారీగా రాశాడు. మే నెలలో మధ్యాహ్నం కూలర్ లేనప్పుడు 17, 19, 16. కూలర్ నడిచినప్పుడు 50 దగ్గర, కరెంటు పోయిన రాత్రి మళ్లీ 24. దాని పక్కన ఇంకో వరుస ఉంది. పాత గిటార్ కేసులో సబ్బుపెట్టె స్పాంజి పెట్టి, మూసి, అందులో మీటరు ఉంచి రాసిన అంకెలు. 44, 46, 47, 45. నెలంతా అంతే. ఒక్క రోజు 38 ఉంది, దాని పక్కన చిన్న అక్షరాలతో 'నైట్ షిఫ్ట్, తడపలేదు' అని రాసుకున్నాడు.

"అక్టోబర్‌ల హైదరాబాద్‌కు టికెట్లు తీయ్" అన్నాను. "నేను కూడా వస్త."